ప్రవేశద్వారపు మాట: మోటుపల్లి అభయశాసనం నుంచి లాగిన్ బ్యానర్ దాకా – హెచ్చరిక పాఠాల పరిశీలన

వ్యాససంగ్రహం

నెట్‌వర్క్ భద్రతా పరికరాల్లో ప్రవేశానికి ముందు కనిపించే హెచ్చరికను లాగిన్ బ్యానర్ అంటారు. దీన్ని ఇంతవరకు సాంకేతిక నిపుణులు అమరికగా, న్యాయనిపుణులు సాక్ష్యంగా చూశారు. కాని అది మొదట ఒక పాఠం. దానికి వక్త, శ్రోత, సందర్భం, ప్రయోజనం ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఇలాంటి ప్రవేశపాఠాలకు దీర్ఘమైన చరిత్ర ఉంది. మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం, పత్తి మిరప చేలలో వాడే పురుగుమందు డబ్బాల మీది హెచ్చరిక, జిన్నింగ్ మిల్లు గేటు మీది బోర్డు ఈ కోవలోనివే. వీటితో పోల్చి లాగిన్ బ్యానర్ భాషను విమర్శించడం, తెలుగులో అది ఎలా ఉండాలో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం. వినేవాణ్ణి మాత్రమే కాక పలికేవాణ్ణి కూడా బంధించినప్పుడే హెచ్చరికకు ఔచిత్యం సిద్ధిస్తుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: లాగిన్ బ్యానర్, హెచ్చరిక పాఠం, మోటుపల్లి అభయశాసనం, ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, ఔచిత్యం, పాలనాభాష.

1. ఉపోద్ఘాతం

సాహిత్య విమర్శ కావ్యాన్ని, కథను, నాటకాన్ని పరిశీలించినంతగా వ్యవహారపాఠాలను పరిశీలించలేదు. శాసనభాషపై తెలుగులో విస్తృతమైన కృషి జరిగింది. అయితే అందులో ఎక్కువభాగం భాషాచరిత్రకు, ఛందస్సుకు, రాజకీయచరిత్రకు సంబంధించినది. శాసనం ఒక చోట నిలబడి, వచ్చేవారితో మాట్లాడే పాఠం అన్న కోణం వెనకబడింది. ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1987లో ప్రచురించిన గ్రంథంలో శీర్షిక, పీఠిక, అంకితం వంటి వాటిని పుస్తకానికి గడపలుగా భావించి చర్చించాడు. గడప దగ్గరి మాట లోపలి వస్తువులో పూర్తిగా భాగం కాదు, పూర్తిగా బయటిదీ కాదు. లోపలికి ఎలా రావాలో అది నిర్ణయిస్తుంది. లాగిన్ బ్యానర్ స్థితి కూడా ఇదే.

ఈ పరిశీలనకు గుంటూరు, ప్రకాశం మైదానాన్ని క్షేత్రంగా తీసుకోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఈ తీరం సముద్రవర్తకులకు ప్రవేశద్వారం. ఇటీవలి దశాబ్దాల్లో ఇది పత్తి, మిరప పంటలకు, వాటితోపాటు పురుగుమందులకు ప్రధాన క్షేత్రం. నేడు మార్కెట్ యార్డు లెక్కల నుంచి భూమి రికార్డుల దాకా ఇక్కడి రైతు వ్యవహారం కంప్యూటర్ వ్యవస్థల గుండా నడుస్తోంది. మూడు కాలాల్లోనూ కొత్తగా వచ్చేవారితో అధికారం ఏదో ఒక రాతపూర్వకమైన మాట మాట్లాడింది. ఆ మాట ఎవరి భాషలో, ఎవరి పక్షాన, ఎంత నిజాయితీగా ఉందన్నదే ఇక్కడి విమర్శాంశం.

2. లాగిన్ బ్యానర్ – స్వరూపం, ప్రయోజనం

ఫైర్‌వాల్, రూటర్, స్విచ్ వంటి పరికరాలను నిర్వహించడానికి సిబ్బంది వాటిలోకి ప్రవేశించాలి. వినియోగదారు పేరు, సంకేతపదం అడిగే ముందు తెర మీద కనిపించే వాక్యాలే బ్యానర్. సిస్కో పరికరాల్లో దీనికి అనేక రూపాలు ఉన్నాయి. అనుసంధానం కాగానే అందరికీ కనిపించే ఆనాటి సందేశం ఒకటి, పేరు అడిగే ముందు వచ్చే లాగిన్ సందేశం మరొకటి, ప్రవేశం పూర్తయ్యాక వచ్చే సందేశం ఇంకొకటి. ఫోర్టిగేట్ పరికరాల్లో ప్రవేశానికి ముందు, తరువాత కనిపించే సందేశాలను వేర్వేరుగా అమర్చవచ్చు. పాలో ఆల్టో ఫైర్‌వాల్‌లో నిర్వాహకుడు సందేశాన్ని చదివినట్టు అంగీకారం తెలిపితేనే ముందుకు వెళ్లేలా చేయవచ్చు. వీపీఎన్ ద్వారా ఇంటినుంచి కార్యాలయ వ్యవస్థలోకి వచ్చే ఉద్యోగికీ ఇలాంటి సందేశాన్ని చూపవచ్చు.

ఈ అమరికలో స్థానం అర్థాన్ని మారుస్తుంది. ముందు వచ్చే వాక్యాన్ని అనుమతి ఉన్నవాడూ చదువుతాడు, లేనివాడూ చదువుతాడు. తరువాత వచ్చే వాక్యాన్ని అనుమతి పొందినవాడే చదువుతాడు. అందుకే పరికరం రకం, సాఫ్ట్‌వేర్ సంచిక, లోపలి పేరు వంటి వివరాలు మొదటి వాక్యంలో ఉండకూడదని భద్రతా నిపుణులు చెబుతారు. ఆ వివరాలు చొరబాటుదారుకు దారి చూపుతాయి. దొంగ చదివే బోర్డు మీద తాళంచెవి ఎక్కడుందో రాయకూడదన్నది సామాన్యజ్ఞానం.

బ్యానర్ గోడ కాదు. అది ఎవరినీ ఆపలేదు. కల్లంలో ధాన్యపు రాశి మీద బూడిదతో వేసే గుర్తు దొంగతనాన్ని అడ్డుకోలేదు. కాని ఆ రాశికి యజమాని ఉన్నాడని, దాన్ని తాకితే తెలుస్తుందని ఆ గుర్తు చెబుతుంది. బ్యానర్ ప్రయోజనం కూడా ఇంతే. ‘ఇది అందరిదీ అనుకున్నాను’ అనే సమాధానానికి అది చోటు లేకుండా చేస్తుంది. భారతదేశపు సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించడాన్ని నష్టపరిహారం చెల్లించాల్సిన చర్యగా పేర్కొంది. అదే పనిని మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్ష, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. రెండింటికీ మూలపదం ‘అనుమతి’. బ్యానర్ లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. అయితే అనుమతి ఎవరిది, ఎంతవరకు అన్నది స్పష్టంగా చెప్పే మొదటి వాక్యం అదే.

ఈ ప్రక్రియ పుట్టుక గమనించదగింది. 1992 డిసెంబరులో అమెరికాలోని సెర్ట్ సంస్థ కీబోర్డు మీద నొక్కే ప్రతి అక్షరాన్నీ నమోదు చేసే విషయమై ఒక సూచన వెలువరించింది. ముందుగా తెలియజేయకుండా అలా నమోదు చేయడం చట్టవిరుద్ధం కావచ్చునన్న అమెరికా న్యాయశాఖ అభిప్రాయమే దానికి ఆధారం. కాబట్టి నిర్వాహకులు తప్పక హెచ్చరిక పెట్టుకోవాలని ఆ సూచన చెప్పింది. చొరబాటుదారును బెదిరించడం మాత్రమే దీని జన్మకారణం కాదు. చూసేవాడు చూస్తున్నానని చెప్పి చూడాలన్న నియమం కూడా ఇందులో ఉంది. తరువాతి కాలంలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన భద్రతా నియంత్రణల్లో వ్యవస్థ వినియోగ ప్రకటనను ఒక అంశంగా చేర్చింది. బ్యానర్ ప్రపంచవ్యాప్తంగా తనిఖీ జాబితాల్లోకి చేరింది. జాబితాలోకి చేరిన ఏ పాఠానికైనా కలిగే ప్రమాదమే దీనికీ కలిగింది. ఉందా లేదా అని చూసేవారు పెరిగారు, ఏమి చెబుతోందని చూసేవారు తగ్గారు.

3. మోటుపల్లి అభయశాసనం – ప్రవేశపాఠంగా

పూర్వం ప్రకాశం జిల్లాలో ఉండి, ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రసిద్ధమైన రేవు. మార్కో పోలో పేర్కొన్న ముట్ఫిలి ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి వీరభద్రాలయ స్తంభం మీద గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం ఉంది. హుల్ట్‌ష్ దీన్ని ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు.

చరిత్రకారులు ఈ శాసనాన్ని విదేశీ వాణిజ్యానికి, సుంకాల విధానానికి ఆధారంగా వాడుకున్నారు. ప్రవేశపాఠంగా చదివితే దీని నిర్మాణం ఇలా కనిపిస్తుంది. మొదట వక్త ఎవరో తెలుస్తుంది. పేరు, బిరుదులు, అధికారం స్పష్టం. తరువాత శ్రోత ఎవరో తెలుస్తుంది. ఇతర ద్వీపాల నుంచి, దేశాంతరాల నుంచి, పట్టణాల నుంచి వచ్చిపోయే సముద్రవర్తకులు ఆ శ్రోతలు. మూడోది పాత ఆచారం. తుఫానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతటినీ వెనకటి రాజులు బలవంతంగా తీసుకునేవారని శాసనం దాచకుండా చెబుతుంది. నాలుగోది కొత్త మాట. నియత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నామన్నది ఆ మాట. ప్రాణం కంటే ధనమే ఎక్కువని తలచి సముద్రయానమనే సాహసానికి పూనుకున్నవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఇలా చేస్తున్నామని కారణం కూడా చెప్పింది. ఐదోది షరతు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒకటి. కొన్ని సరుకులకు విడివిడిగా రేట్లు.

ఈ ఐదు అంశాల్లో విమర్శకు కీలకమైనది నాలుగోది. ఈ శాసనానికి పైకి కనిపించే శ్రోతలు వర్తకులు. కాని దానికి మరొక శ్రోత ఉన్నాడు. రేవులో సుంకం వసూలు చేసే రాజోద్యోగి అతడు. ‘ఇంతకు మించి తీసుకోకు’ అన్న ఆజ్ఞ అతడికే. అంటే రాజు తన అధికారాన్ని ప్రకటిస్తూనే దాన్ని పరిమితం చేసుకున్నాడు. అభయం అనే పేరు ఆ పరిమితి వల్లనే సార్థకమైంది. దానశాసనాల చివర వచ్చే శాపవచనాలు ఇందుకు భిన్నమైనవి. వాటిలో దానాన్ని హరించేవాడికి కలగబోయే పాపం ఉంటుంది. భయం వాటి బలం. మోటుపల్లి శాసనానికి భరోసా బలం. రెడ్డిరాజుల కాలంలో 1358లో అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ అభయం ఇవ్వడం మరో సత్యాన్ని సూచిస్తుంది. అధికారం మారినప్పుడు పాత మాట తనంతట తాను చెల్లదు. దాన్ని కొత్త అధికారం తన నోటితో మళ్లీ చెప్పాలి.

అలంకారశాస్త్రం ఉపదేశాన్ని మూడు విధాలుగా చెప్పింది. వేదంలా ఆజ్ఞాపించేది ప్రభుసమ్మితం, పురాణంలా హితం చెప్పేది మిత్రసమ్మితం, కావ్యంలా ఆకట్టుకుని చెప్పేది కాంతాసమ్మితం. శాసనం సహజంగా ప్రభుసమ్మితం. మోటుపల్లి శాసనంలో ప్రభువు మిత్రుడిలా మాట్లాడాడు. ఎదుటివాడి కష్టాన్ని గుర్తించి, కారణం చెప్పి, లెక్క చెప్పాడు. ప్రవేశపాఠానికి ఇది ఉత్తమమైన నమూనా.

4. మందు డబ్బా మీది హెచ్చరిక – చేరని పాఠం

రెండో పాఠం ఈ మైదానంలో ప్రతి రైతు ఇంటా ఉంటుంది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తింది. మందుల వాడకం పెరగడం, అప్పులు, ఆపై రైతుల ఆత్మహత్యలు 1987–88 నాటికి రాష్ట్రమంతటా చర్చకు వచ్చాయి. పంటను కాపాడే ద్రవమే ప్రాణం తీసుకునే సాధనమైన ఆ విషాదంలో డబ్బా మీది రాత ఏమి చేసిందన్నది భాషాపరమైన ప్రశ్న కూడా.

పురుగుమందుల చట్టం, 1968 కింద రూపొందిన 1971 నాటి నియమాలు డబ్బా మీద ఒక చతురస్రాన్ని మూల మీద నిలిపి ముద్రించాలని చెప్పాయి. దాని కింది సగంలో విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఉంటాయి. అత్యంత విషపూరితమైన మందుకు పై సగంలో పుర్రె, ఎముకల గుర్తు, విషం అన్న మాట ఉండాలి. హెచ్చరిక, కరపత్రం ఆ ప్రాంతంలో వాడే భాషలో కూడా ఉండాలి. అంటే ఇక్కడ చట్టం భాషను గుర్తించింది. లాగిన్ బ్యానర్‌కు ఇంతటి భాషానియమం లేదు.

అయినా ఈ పాఠం పూర్తిగా చేరలేదు. దానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది పేరు. డబ్బా దాన్ని విషం అంటుంది. ఊరు దాన్ని మందు అంటుంది. జబ్బు నయం చేసేదీ మందే, చేలో కొట్టేదీ మందే. నిత్యవ్యవహారంలోని మేలైన పేరు ముందు హెచ్చరికలోని కఠినమైన పేరు నిలబడలేకపోయింది. రెండోది సంకేతం. ఎరుపు ప్రమాదానికి గుర్తు అన్నది రోడ్డు నియమాల నుంచి వచ్చిన అలవాటు. మిరప పండించే ఈ నేలలో ఎరుపు పంట పక్వానికి, సరుకు నాణ్యతకు, మంచి ధరకు కూడా గుర్తు. సంకేతం దానంతట అది సార్వత్రికం కాదు, పక్కన మాట ఉండాలి. మూడోది శైలి. మడతల కరపత్రంలోని చిన్న అక్షరాల్లో ‘మింగినచో’, ‘సేవించినయెడల’, ‘తగు జాగ్రత్తలు వహింపవలెను’ వంటి గ్రాంథికపు తునకలు ఉంటే చదవగలిగినవాడు కూడా మధ్యలో వదిలేస్తాడు. భాష తెలుగే. కాని అది ఎవరూ మాట్లాడని తెలుగు.

అనువదించినంత మాత్రాన హెచ్చరిక చేరదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. లాగిన్ బ్యానర్‌ను తెలుగులోకి తేవాలనుకునేవారు ముందుగా గ్రహించవలసిన పాఠం ఇదే.

5. తెలుగు బ్యానర్ భాష – విమర్శ

ఇంగ్లీషు బ్యానర్ల వాక్యనిర్మాణాన్ని పాలనాభాష ధోరణిలో తెలుగు చేస్తే సాధారణంగా ఇలాంటి పాఠం వస్తుంది. ఇది చర్చ కోసం కూర్చిన నమూనా:

‘ఈ వ్యవస్థ అధీకృత వినియోగదారుల నిమిత్తము మాత్రమే ఉద్దేశింపబడినది. అనధికార ప్రాప్యత నిషేధింపబడినది. సమస్త కార్యకలాపములు పర్యవేక్షణకు లోబడి యుండును. ఉల్లంఘించినవారు చట్టరీత్యా కఠినముగా శిక్షింపబడుదురు.’

వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని మన శాస్త్రం చెబుతుంది. ఈ ప్రమాణాలతో చూస్తే నమూనాలోని లోపాలు బయటపడతాయి.

ఆకాంక్ష దృష్ట్యా, ఉద్దేశించింది ఎవరు, నిషేధించింది ఎవరు, పర్యవేక్షించేది ఎవరు అన్న ప్రశ్నలకు సమాధానం లేదు. నాలుగు వాక్యాల్లో ఒక్క వక్త కూడా లేడు. తెలుగుకు సహజం కాని కర్మణిప్రయోగం కర్తను దాచడానికి బాగా పనికివచ్చింది. గణపతిదేవుడు తన పేరుతో మొదలుపెట్టిన చోట ఈ పాఠం ఎవరి పేరూ చెప్పలేదు. పరికరం వివరాలు చెప్పకూడదన్న భద్రతా నియమాన్ని ఇక్కడ సాకుగా చూపడానికి వీల్లేదు. పరికరం పేరు దాచవచ్చు, యజమాని పేరు దాచితే అనుమతి ఎవరిని అడగాలో తెలియదు.

యోగ్యత దృష్ట్యా రెండు దోషాలు ఉన్నాయి. ‘ప్రాప్యత’ అంటే పొందదగిన స్థితి. లోపలికి రావడమనే క్రియకు అది సరిపోదు. ‘కఠినంగా శిక్షింపబడుదురు’ అన్నది చట్టం చెప్పినదాని కంటే ఎక్కువ. పొరపాటున వచ్చినవాడికీ మోసంతో వచ్చినవాడికీ చట్టం తేడా చూపింది, బ్యానర్ ఆ తేడాను తుడిచేసింది. అతిశయోక్తి కావ్యంలో అలంకారం. నోటీసులో అది అసత్యం. ఒకసారి అసత్యమని తెలిసిన బెదిరింపును రెండోసారి ఎవరూ నమ్మరు.

సన్నిధి దృష్ట్యా, ‘లోబడి యుండును’ వంటి ప్రయోగాలు ఇంగ్లీషు వాక్యపు నీడలు. చదివేవాడు పదాలను విడదీసి, మనసులో ఇంగ్లీషు వాక్యాన్ని ఊహించుకుని, తిరిగి తెలుగు అర్థం చేసుకోవాలి. అంత శ్రమ పడి చదవాల్సిన వాక్యాన్ని తెర మీద ఒక్క క్షణం చూసి ఎవరైనా దాటేస్తారు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దోషం మరొకటి ఉంది. అది మర్యాద పేరుతో వచ్చే దోషం. మామిడాకుల తోరణం, వాకిట్లో ముగ్గు, సభాద్వారం మీద సుస్వాగతం మన సంస్కృతిలో ప్రవేశానికి సహజమైన గుర్తులు. ఆ అలవాటుతో పరికరం ప్రవేశద్వారం మీద కూడా ‘స్వాగతం’ అని రాయాలనిపిస్తుంది. స్వాగతం అని రాసి ఉన్నందువల్ల ఒక చొరబాటుదారు శిక్ష తప్పించుకున్నాడన్న కథ ఈ వృత్తిశిక్షణలో తరచూ వినిపిస్తుంది. దాన్ని తీర్పుగా కాక నీతికథగానే తీసుకోవాలి. ఆ కథ చెప్పే భాషాసూత్రం మాత్రం సరైనదే. ఆహ్వానం, అనుమతి వేర్వేరు వాక్క్రియలు. తలుపు తెరిచే మాటతో తలుపు మూయలేము. జె.ఎల్. ఆస్టిన్ చెప్పినట్టు కొన్ని వాక్యాలు విషయాన్ని వర్ణించవు, పనిని జరిపిస్తాయి. అలాంటి వాక్యానికి సరైన మాట, సరైన వక్త, సరైన సందర్భం కలిస్తేనే పని జరుగుతుంది.

ఆశ్చర్యం ఏమంటే ఈ ప్రాంతానికి చక్కని బ్యానర్ భాష ఎప్పుడో ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లుల, గోదాముల గేట్ల మీద ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అన్న బోర్డు అందరికీ పరిచితమైనదే. లోపల ‘పొగ త్రాగరాదు’ అని ఉంటుంది. దూదిలో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో తెలిసిన ఊళ్లలో ఆ మాటకు వివరణ అక్కర్లేదు. ‘అనుమతి లేనిదే’ అన్న నిర్మాణంలో షరతు ఉంది, నిషేధం ఉంది, అనుమతి అడిగే అవకాశమూ ఉంది. చట్టంలోని మూలపదమే బోర్డులోనూ మూలపదం. ‘అనధికార ప్రాప్యత నిషేధింపబడినది’ అన్నదానికి ఇంతకంటే మంచి తెలుగు లేదు.

మరొక చిక్కు మర్యాదావాచకానిది. ఇంగ్లీషులో ఆగమని చెప్పడానికి ఒకే రూపం. తెలుగులో ‘ఆగు’ అనాలా ‘ఆగండి’ అనాలా అన్నది తేల్చుకోవాలి. బోర్డుల తెలుగు ‘రాదు’, ‘కూడదు’ అన్న రూపాలతో ఈ చిక్కును తప్పించుకుంది. నిషేధానికి ఆ రూపాలు సరిపోతాయి. సూచన చెప్పవలసిన చోట మాత్రం ‘అండి’ రూపమే ఉచితం. ఎందుకంటే బ్యానర్ చదివేవారిలో నూటికి తొంభైమందికి పైగా సంస్థ సొంత సిబ్బందే అయి ఉంటారన్నది లెక్క అవసరం లేని ఊహ. దొంగను దృష్టిలో పెట్టుకుని ఇంటివాళ్లను ఏకవచనంలో పిలవడం ఔచిత్యం కాదు.

6. లిపి, తెర

తెలుగులో బ్యానర్ పెట్టడానికి సాంకేతికంగా వీలుందా అన్న ప్రశ్నకు సమాధానం కొంతవరకు అనుకూలం. పరికరాలతో సురక్షితంగా సంభాషించే ఎస్ఎస్‌హెచ్ ప్రమాణంలో 2006లో వెలువడిన ఆర్ఎఫ్‌సి 4252 బ్యానర్ సందేశాన్ని నిర్వచించింది. సందేశం యూటీఎఫ్-8 సంకేతనంలో ఉండాలని, దాంతోపాటు అది ఏ భాషలో ఉందో చెప్పే గుర్తు ఉండాలని అది పేర్కొంది. అంటే ప్రమాణం రాసినవారు ఇంగ్లీషేతర బ్యానర్‌ను ముందే ఊహించారు. తెలుగు 1991 నాటి తొలి యూనికోడ్ సంచికలోనే చోటు సంపాదించుకుంది.

ఆచరణ వేరు. కమాండ్ తెరలు ఒక్కో అక్షరానికి ఒక్కో గడి చొప్పున కేటాయిస్తాయి. తెలుగులో గుణింతం, వత్తు కలిసి ఒకే అక్షరరూపం అవుతాయి కాబట్టి గడులు సరిపడవు. వత్తులు విడిపోయి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడవచ్చు. చదవలేని తెలుగు హెచ్చరిక, చదవడం రాని ఇంగ్లీషు హెచ్చరిక ఫలితంలో సమానమే. బ్రౌజర్‌లో తెరుచుకునే ప్రవేశపుటల్లో, వైఫై అనుమతి పుటల్లో ఈ ఇబ్బంది చాలా తక్కువ. సామాన్య ఉద్యోగులు, ఒప్పంద సిబ్బంది, డేటా ఎంట్రీ చేసేవారు ఎదుర్కొనేది ఎక్కువగా ఈ రెండో రకాన్నే. కాబట్టి తెలుగు మొదట అక్కడ రావాలి. కమాండ్ తెర మీద చిన్న ఇంగ్లీషు వాక్యం ఉంచి, పూర్తి షరతులను తెలుగులో ముద్రించి ఉద్యోగంలో చేరే రోజునే చదివించి సంతకం తీసుకోవడం మరో మార్గం. అమెరికా రక్షణశాఖ 2008 నాటి విధానంలో బ్యానర్‌కు తోడుగా వినియోగదారు ఒప్పందాన్ని కూడా పెట్టింది.

7. వక్తను బంధించే మాట

ఇంతవరకు చేసిన పోలికలో అసలైన భేదం ఇక్కడ తేలుతుంది. మామూలు బ్యానర్ చదివేవాడి బాధ్యతలను చెబుతుంది. యజమాని హక్కులను చెబుతుంది. యజమాని బాధ్యతలను మాత్రం చెప్పదు. ‘మీ పనులన్నీ చూస్తాం, నమోదు చేస్తాం’ అంటుంది. ఎందుకు చూస్తారో, ఎవరు చూస్తారో, ఎంతవరకు చూస్తారో చెప్పదు. ఇది ఓడ సరుకునంతా లాక్కున్న వెనకటి రాజుల మాట, గణపతిదేవుడి మాట కాదు.

హద్దులు చెబితే భద్రత తగ్గుతుందన్న వాదన నిలవదు. పైన పేర్కొన్న అమెరికా రక్షణశాఖ బ్యానర్ తనిఖీ అధికారాన్ని విస్తారంగా ప్రకటిస్తూనే, న్యాయవాదులు, మనోవైద్య చికిత్సకులు, మతగురువులతో జరిపే రహస్య సంభాషణల విషయంలో మినహాయింపును స్పష్టంగా చెప్పింది. సైనికవ్యవస్థ చెప్పగలిగిన మాటను సహకార సంఘమో కళాశాలో చెప్పలేకపోవడానికి కారణం లేదు.

మన చట్టం కూడా ఈ దిశలోనే సాగుతోంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా ప్రకటించింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి కోరుతూ ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. ప్రతి లాగిన్ బ్యానర్ ఆ చట్టం చెప్పే నోటీసు కాకపోవచ్చు. అయితే అర్థమైన భాషలో చెప్పినదే చెప్పినట్టు అన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది. తెలుగును అధికారభాషగా ప్రకటించిన 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆశయమూ ఇదే.

ఇందులో నష్టపోయేది ఎవరో గుర్తించాలి. తక్కువ జీతానికి ఒప్పందం మీద చేరిన ఆపరేటరు రోజుకు ఎన్నోసార్లు అంగీకారపు బొత్తాన్ని నొక్కుతాడు. తన సంకేతపదాన్ని పై అధికారి అడిగితే ఇస్తాడు. ఆ పేరుతో ఎవరు ఏమి చేసినా నమోదు అతడి మీదే ఉంటుంది. ‘నీవు చదివి అంగీకరించావు’ అని తెర సాక్ష్యం చెబుతుంది. అతడు చదవలేదని, చదివినా అర్థమయ్యేలా అది రాయలేదని చెప్పే సాక్షి లేడు. హెచ్చరిక భాష ఇక్కడ శైలీసమస్య కాదు, న్యాయసమస్య.

ఈ చర్చను అనుసరించి ఒక పాఠాన్ని ఇలా కూర్చవచ్చు:

‘ఈ వ్యవస్థ ఫలానా సంస్థది. అనుమతి లేనిదే లోపలికి రాకూడదు. అనుమతి ఉందో లేదో తెలియకపోతే ఇక్కడే ఆగి భద్రతాధికారిని అడగండి. లోపల మీరు చేసే పనులు నమోదవుతాయి. ఆ నమోదును భద్రత కోసం, చట్టప్రకారం జరిగే విచారణ కోసం తప్ప మరి దేనికీ వాడము. మీ సంకేతపదాన్ని మా అధికారులతో సహా ఎవరికీ చెప్పకండి. అనుమతి లేకుండా ప్రవేశిస్తే సమాచార సాంకేతిక చట్టం, 2000 కింద నష్టపరిహారం చెల్లించాల్సి రావచ్చు; మోసబుద్ధితో చేస్తే జైలుశిక్ష పడవచ్చు.’

ఇందులో వక్త ఉన్నాడు. శ్రోతకు మర్యాద ఉంది. షరతు, కారణం, ఫలితం ఉన్నాయి. ‘మరి దేనికీ వాడము’ అన్న మాట, ‘మా అధికారులతో సహా’ అన్న మాట వక్తనే బంధిస్తాయి. చట్టం చెప్పినంతే చెప్పింది. అయితే ఈ వాక్యాలను తెర మీద పెట్టే సంస్థ వాటికి కట్టుబడి ఉండాలి. నమోదును ఇతర ప్రయోజనాలకు వాడే ఉద్దేశం ఉన్నవారు ఈ పాఠాన్ని వాడకపోవడమే మంచిది. చేయని వాగ్దానం కంటే తప్పిన వాగ్దానం ఎక్కువ హాని చేస్తుంది.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. లాగిన్ బ్యానర్ సాంకేతిక అమరిక మాత్రమే కాదు. అది ప్రవేశద్వారం దగ్గర అధికారం పలికే పాఠం. దాన్ని భాషాపరంగా విమర్శించడం సాధ్యం, అవసరం.

2. మోటుపల్లి అభయశాసనంలో వక్త, శ్రోత, పాత ఆచారం, కారణంతో కూడిన కొత్త హామీ, షరతు అనే ఐదు అంశాలు ఉన్నాయి. నేటి బ్యానర్లలో సాధారణంగా షరతు మాత్రమే మిగిలింది.

3. పురుగుమందు డబ్బా అనుభవం ప్రకారం ప్రాంతీయభాషలో ఉండటం చాలదు. ఆ ప్రాంతం మాట్లాడే భాషలో ఉండాలి.

4. కర్తను దాచే కర్మణిప్రయోగం, చట్టాన్ని మించిన బెదిరింపు, సందర్భం ఎరగని స్వాగతం అనే మూడూ బ్యానర్‌కు ప్రధాన దోషాలు. మిల్లు గేటు మీది ‘అనుమతి లేనిదే’ అన్న వాడుకలో ఈ దోషాలు లేవు.

5. బ్రౌజర్, వీపీఎన్ ప్రవేశపుటల్లో తెలుగు బ్యానర్ ఇప్పుడే సాధ్యం. కమాండ్ తెరల విషయంలో తెలుగులో రాసిన ఒప్పందపత్రం దానికి తోడు కావాలి.

ఏడువందల ఎనభై ఏళ్ల కిందట ఈ తీరానికి వచ్చిన కొత్తవాడికి రాజు తన హక్కుతోపాటు తన హద్దునూ రాతిలో చెక్కించి చూపాడు. రేవు పూడిపోయింది, స్తంభం నిలిచింది. ఫైర్‌వాల్ ముందు నిలబడే నేటి ఉద్యోగికి కనీసం అంతపాటి మాట అతడి భాషలో చెప్పడం పాలనాభాషా సంస్కరణలో చిన్న పనే. ఆ పనిని సాంకేతిక నిపుణులకు మాత్రమే వదిలిపెట్టకుండా తెలుగు శాఖలు కూడా చేపట్టవలసి ఉంది.